జర్మనీ బావకి నువ్వులూ నీళ్లూ

మా పిన్ని అడిగినది పెద్ద కోరికేమీ కాదు. జర్మనీ బావ ఏ రోజున పోయాడో నా ఫోన్లో చూసి చెప్పమంది, అంతే. మహాలయ అమావాస్యకి ముందురోజు నేను గుడివాడలో వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని స్వయంపాకాలు సర్దుతోంది. రెండు విస్తళ్లు. ఒక్కోదానిలో బియ్యం, పెసరపప్పు, కంద ముక్క, అరటికాయలు, బెల్లం, చిన్న గిన్నెలో నెయ్యి. ఒకటి మా తాతయ్య పేరున, రెండోది జర్మనీ బావ పేరున. తాతయ్యకి కొడుకులు లేరు, మా అమ్మా పిన్నీ ఇద్దరే కూతుళ్లు, కాబట్టి పిన్ని కొడుకు రాజా ఏటా ఆ ఇద్దరికీ నువ్వులూ నీళ్లూ వదులుతాడు. "తిథి తెలిస్తే ఆ రోజే విడిగా పెట్టించొచ్చు కదే. ఇలా అమావాస్యకి అందరితో కలిపి పెడుతుంటే నాకు వెలితిగా ఉంటది," అంది పిన్ని. "ఆ రోజు పేపర్లో చదివింది నువ్వే. ఏ తారీకున పోయాడో వేశారా అని నేనడిగితే లేదన్నావు. ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయంట గదా." నేను సరేనన్నాను. కాని పేపర్లో తారీకు లేకపోవడం కాదు, అసలు ఆ వార్తే లేదు. అప్పటికి పదేళ్ల పిల్లని, అబద్ధం చెప్పాను. అరవై ఏళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జర్మనీ బావ మా చుట్టం కాదు. ఏనాడూ బందరు మొహం చూసినవాడు కాదు. మాటలు లేని సినిమాల కాలంలో జర్మనీ దేశపు నటుడు. పిన్ని వాళ్ల దేవుడి గదిలో ఇప్పటికీ ఆయన ఫోటో ఉంది, పోస్టుకార్డంత బొమ్మ, చెక్క ఫ్రేములో. బుగ్గలు లోపలికి పోయిన పొడవాటి మొహం, చేత్తో పట్టుకున్న టోపీ, ఎవరో పిలిస్తే ఇటు తిరిగి చూసినట్టుండే పెద్ద కళ్లు. ఆ నుదుటి మీద, అద్దం పైన, గుండ్రంగా కుంకుమ మరక. మా అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం దేవుళ్ల పటాలకి బొట్లు పెడుతూ ఒకనాడు ఆయనకీ పెట్టేసింది. అదేంటని తాతయ్య అడిగితే, "వరసలో అందరికీ పెట్టి ఒక్కణ్ణి వదిలేస్తే ఏం బాగుంటది," అందట. అప్పట్నుంచీ ఆయనకి శుక్రవారం తప్పలేదు.

మా తాతయ్య వీరరాఘవయ్యది నాగాయలంక పక్క పల్లె. పొలం తక్కువ, గొంతు ఎక్కువ. చేలో ఇవతలి గట్టు మీద నిలబడి పిలిస్తే కాలవ అవతలున్న ఎద్దులు తలెత్తేవని ఆయనే చెప్పుకునేవాడు, అందులో సగం నమ్మినా పెద్ద గొంతే. ఆ గొంతు విని ఒక టెంటు సినిమా యజమాని ఆయన్ని వెంట తీసుకుపోయాడు. అప్పటి సినిమాలో బొమ్మ ఆడుతుంటే పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి. టెంటూ, మిషనూ, రీళ్ల పెట్టెలూ పడవల మీద కాలవల వెంట తిరిగేవి. బందరులో పది రోజులు, గుడివాడలో వారం, అవనిగడ్డలో వారం. తెర పక్కన చేతిలో బెత్తంతో తాతయ్య, కింద హార్మోనియం, తబలా. మధ్య మధ్యలో తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. యజమానికి వచ్చిందీ అంతంత మాత్రమే. రెండుసార్లు బొమ్మ చూసి, ఎవరు ఎవరికి ఏమవుతారో తనే నిర్ణయించుకుని, తాతయ్య కథ కట్టేసేవాడు. ఒక్కోసారి తండ్రిని మొగుడు చేసేవాడట, మూడోరోజు తప్పు తెలిసినా మార్చేవాడు కాదు. మొదటిరోజు చూసినవాళ్లు ఊరుకోరు గదా అనేవాడు.

ఆ రీళ్లలో జర్మనీ నుంచి వచ్చినవి కొన్ని ఉండేవి. వాటిలో దాదాపు అన్నిటా ఈ పొడవాటి మొహం మనిషే. ఒకదానిలో గడియారాలు బాగుచేసేవాడు, ఇంకోదానిలో వంతెన కాపలావాడు, ఇంకోదానిలో ఆస్తంతా తగలేసిన జమీందారు. మొదటిసారి ఆయన తెర మీదికి రాగానే తాతయ్య నోటికొచ్చినట్టు, "ఇడుగో, బావ వచ్చాడు," అన్నాడట. మా వైపు ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా బావా అని పిలవడం అలవాటే. టెంటులో జనం గొల్లున నవ్వారు. ఇక ఆ మనిషికి అదే పేరు. వేరే ఊళ్లో టెంటు వేస్తే, "ఈసారి జర్మనీ బావ బొమ్మ తెచ్చారా?" అని టిక్కెట్టు కొనేముందు అడిగేవాళ్లట. వంతెన కాపలావాడి కథలో ఉన్న నదిని తాతయ్య కృష్ణ చేసేశాడు, వంతెనని పులిగడ్డ దగ్గర పెట్టాడు. ముద్దుపెట్టుకునే చోటు వస్తే ఆడవాళ్లు తలదించుకునేవాళ్లు కాబట్టి, "కంట్లో నలుసు పడిందంట, ఊదుతున్నాడు," అనేవాడు. ఎంతసేపటికీ నలుసు రాకపోతే మిషను తిప్పేవాడి వైపు చూసి, "కొంచెం తొందరగా తిప్పవయ్యా," అనేవాడు. ఈ సంగతులు చెబుతూ తాతయ్య తనే నవ్వేవాడు. నవ్వి, "ఆయనకి నోరు లేదమ్మా. తెలుగులో ఆయన నోరు నేనే," అనేవాడు. ఆ మాట మాత్రం నవ్వకుండా అనేవాడు.

అమ్మమ్మకి తోడబుట్టినవాళ్లు లేరు. అమ్మానాన్నా పోయాక పుట్టిల్లన్న మాటే లేదు. పండగపూట వీధిలో ఆడవాళ్లు అన్నదమ్ములు పెట్టిన చీరల సంగతి చెప్పుకుంటుంటే ఆవిడ లోపలికి వచ్చేసి, "మీకు బావంటే నాకు అన్నయ్యే గదండీ. పోయిన పండక్కీ చీర పంపలేదు, ఈ పండక్కీ లేదు. ఏం మనిషో అడిగారా?" అనేది. "దూరం గదా, దారిలో ఉంటది," అనేవాడు తాతయ్య. అది వాళ్లిద్దరి పరాచికం. కాని ఆవిడకి కోపం వచ్చినప్పుడల్లా, "నాకు ఎవరూ లేరనుకుంటున్నారేమో, జర్మనీ అన్నయ్య ఉన్నాడు," అనేది. అన్నిసార్లు అన్న మాట ఉత్త పరాచికమే అయి ఉండదని ఇప్పుడనిపిస్తుంది.

సినిమాకి మాటలొచ్చాయి. తాతయ్య పని పోయింది. యజమాని చివరి జీతంతో పాటు ఆ ఫోటో ఇచ్చి, ఈయన పనీ పోయిందంట, గొంతు పనికిరాలేదంట, అని చెప్పాడు. ఎవరు చెప్పారో, ఎంతవరకు నిజమో తెలియదు. తాతయ్యకి మాత్రం అది మనసులో దిగిపోయింది. ఆయన బందరు చిలకలపూడిలో ఇల్లు తీసుకుని, గిలకలదిండిలో చేపల వేలం పాడే పనికి కుదిరాడు. తెల్లవారుజామున పోయి, పడవలు తెచ్చిన చేపల రాశుల ముందు నిలబడి, ఎవరు ఎంతకి అడిగారో అరిచి చెప్పి, ఎండెక్కాక తిరిగొచ్చేవాడు. గేటు దగ్గరకు రాకముందే వాసన వచ్చేది. అమ్మమ్మ పెరట్లో కాగు నిండా వేణ్ణీళ్లూ సున్నిపిండీ పెట్టి ఉంచేది, స్నానమయ్యేదాకా ఆయన గుమ్మం తొక్కడానికి వీల్లేదు. తర్వాత చింతచిగురూ రొయ్యపొట్టూ వేసిన కూరతో అన్నం తిని, చుట్ట వెలిగించి, వసారాలో సున్నం వేసిన గోడకి ఎదురుగా కుర్చీ వేసుకునేవాడు. ఆ గోడే తెర. నాన్నకి బదిలీల ఉద్యోగం కావడంతో నేను ఆ ఇంట్లోనే పెరిగాను. నా బాల్యంలో మధ్యాహ్నాలంటే ఆ గోడే. బెత్తంతో చూపిస్తూ, ఇదిగో బావ మెట్లెక్కుతున్నాడు, ఇదిగో దీపం ఆర్పాడు, అని చెబుతుంటే ఖాళీ గోడ మీద నాకు అన్నీ కనిపించేవి. చుట్ట పొగ, పెరట్లో ఆరేసిన ఎండుచేపల వాసన, ఆ గొంతు. ఈ వయసులో నాకు దేని మీదైనా ఆశ ఉందంటే ఆ మూడూ కలిసి ఒక్క మధ్యాహ్నం మళ్లీ రావాలనే.

పక్కింటి ప్లీడరు గారికి ఇంగ్లీషు పేపరు వచ్చేది. ఆయన చదివేశాక మర్నాడు పొద్దున మా ఇంటికి వచ్చేది. "మాటలొచ్చాక బావ ఏమయ్యాడో ఎక్కడన్నా వేస్తారేమో," అని తాతయ్య ఆశ. ఆయనకి కళ్లు సరిగా ఆనవు, అమ్మమ్మకి అక్షరం రాదు, పిన్నికి తన పరీక్షల చదువుతో తీరిక లేదు. ఆ పని నామీద పడింది. నాకూ ఇంగ్లీషు రాదు. ఫోటో కింద అచ్చువేసిన పేరులోని అక్షరాలు, వాటి ఆకారం, వరస, నా చేత పలక మీద దిద్దించాడు. పోయినవాళ్ల పేర్లు ఏ చోట వేస్తారో ప్లీడరు గారు చూపించారు. పేపరు నేలమీద పరిచి, ఒక్కో వరస మీద వేలు జరుపుతూ ఆ ఆకారాలు వరసగా వచ్చాయేమో చూడాలి. మొదటి పేజీ నుంచి చివరిదాకా గంటకి తక్కువ కాదు. తర్వాతి కాలంలో బెజవాడ ప్రెస్సుల్లో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను, ఆ ఓపిక ఈ పేపర్ల దగ్గర అబ్బిందే. "ఏమన్నా ఉందా?" అనేవాడు చుట్ట తీసి. "లేదు తాతయ్యా," అనేదాన్ని. "పోన్లే, రేపు చూద్దాం." రెండేళ్లు ఇదే మాట.

ఎండాకాలం సెలవుల్లో చివరి ఆదివారం. వీధిలో పిల్లలందరినీ ఎవరో పెద్దవాళ్లు ఎడ్లబండి కట్టి మంగినపూడి సముద్రానికి తీసుకువెళ్తున్నారు. అమ్మమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. బండి వీధి చివరికి వచ్చేసింది. నేను ఇంకా మూడో పేజీలో ఉన్నాను. ఉత్తినే లేదని చెప్పి లేచిపోవచ్చు, కాని తాతయ్య పేజీల చప్పుడు లెక్కపెట్టేవాడు. పైగా ఈ రోజు తప్పించుకున్నా రేపుంది, ఎల్లుండి ఉంది. అసలు వెతకాల్సిన అవసరమే లేకుండా పోతే బాగుండునని అనిపించింది. అంతే, నోట్లోంచి వచ్చేసింది. "ఉంది తాతయ్యా. పోయినవాళ్ల పేర్లలో ఉంది. చచ్చిపోయాడంట."

చుట్ట పక్కన పెట్టాడు. ఇంకేం రాశారని అడగలేదు, చూపించమని అడగలేదు. పిల్లది అబద్ధం చెబుతుందన్న ఊహే ఆయనకి రాలేదు. లేచి నూతి దగ్గరకు వెళ్లి, రెండు చేదలు తోడుకుని కట్టుబట్టలతో తలమీద పోసుకున్నాడు. అయినవాళ్లు పోయిన కబురు చెవినపడితే మావైపు చేసే పని అదే. నీళ్లోడుతూ వచ్చి అమ్మమ్మతో, "మీ అన్నయ్య పోయాడే. నువ్వూ పోసుకో," అన్నాడు. అమ్మమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నూతి దగ్గరకు వెళ్లి, నీళ్లు పోసుకుంటూ ఏడ్చింది. కాసేపటికి తనే ఆశ్చర్యపడి, "చూడని మనిషి కోసం ఏంటి నాకీ ఏడుపు," అంటూ మళ్లీ ఏడ్చింది. ఆవిడ అన్నగారు పోయినట్టే కాబట్టి ఇంటికి మూడు రోజులు మైల. మైల ఇంటి పిల్లని బండి ఎక్కించుకోరు. నా పులిహోర పొట్లం ఆవుకి పెట్టేశారు. మంగినపూడి వెళ్లేవాళ్ల పాట మా గుమ్మం ముందునుంచే వెళ్లిపోయింది, నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం ప్లీడరు గారు పరామర్శకి వచ్చి, "నేను పేపరంతా చదివానే, నాకు కనపడలేదేంటండీ," అన్నారు. "అంత చిన్నక్షరాలు మీకెక్కడ ఆనతాయండీ. పిల్లది కనిపెట్టింది," అన్నాడు తాతయ్య. ఆ మాటలో గర్వం ఉంది. అప్పుడు చెప్పేయాల్సింది. చెప్పలేకపోయాను. మర్నాడు ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి అది చెప్పగలిగే మాటగా లేదు.

తాతయ్య మళ్లీ గోడ ముందు కుర్చీ వేసుకోలేదు. ఒకసారి నేను అడిగితే, "పోయినవాడి మీద ఆటలేంటమ్మా," అన్నాడు. మధ్యాహ్నాలు పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏడు మహాలయ అమావాస్యకి శాస్త్రి గారితో ఈ పేరు కూడా చదవమన్నాడు. భార్య తోబుట్టువులకి, స్నేహితులకి నీళ్లు వదలడం ఉన్నదే. శాస్త్రి గారు గోత్రం అడిగారు. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యపమే చెబుతారు. అలా జర్మనీ బావ కాశ్యప గోత్రీకుడయ్యాడు. తాతయ్య బొటనవేలి పక్కనుంచి నువ్వులతో నీళ్లు జారుతుంటే నేను గుమ్మం చాటున నిలబడి, ఈయన బతికే ఉంటే ఏమవుతుందో అని భయపడ్డాను. బతికున్నవాడికి నువ్వులు వదలడం ఎంత అశుభమో ఆ వయసుకే తెలుసు. తాతయ్య పోయేదాకా ఏటా వదిలాడు. పోయేముందు పిన్నికి అప్పగించాడు, ఆయనకి ఎవరూ లేరమ్మా అని.

పిన్ని అడిగిన సాయంత్రం మేడమీద గదిలో ఫోన్ తీసి ఆ అక్షరాలు ఒక్కొక్కటీ నొక్కాను. ఒక్కటీ మర్చిపోలేదు. ఇన్నేళ్లలో ఆ పని చేయడానికి నాకు తెలియక కాదు, భయం వల్ల చేయలేదు. రెండేళ్లు పేపర్ల మీద వేలు జరిపి దొరకనిది నిమిషంలో వచ్చేసింది. నిమిషంలో వచ్చేది కాబట్టే ఇప్పుడు ఎవరూ ఎవరి కోసమూ అలా ఎదురుచూడరు, అదొక్కటే తేడా. బండ్లకి రంగులేసేవాడి కొడుకంట బావ. చాలా బొమ్మల్లో చేశాడు, వాటిలో ఎక్కువ రీళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు. మాటలొచ్చాక పల్లెటూరి యాస అడ్డొచ్చింది. యజమాని చెప్పింది పూర్తిగా అబద్ధం కాదన్నమాట. తర్వాత తలుపు తీసేవాడిగా, హోటల్లో పళ్లెం తెచ్చేవాడిగా, మాట లేని వేషాలు. ఆ దేశపు చెడ్డ రోజుల్లో ఏం చేశాడో ఆ పేజీ ఒక్క వాక్యంలో దాటేసింది, నేనూ తవ్వలేదు. ఆ తర్వాత చిన్న ఊళ్లో బొత్తాలూ దారాలూ అమ్మే కొట్టు. పిల్లలు లేరు. బాగా పెద్దవాడై పోయాడు. నేను చంపేసిన ఏడాది ఆయన ఒక సినిమాలో లిఫ్టు తిప్పేవాడి వేషం వేశాడు. తాతయ్య పోయాక ఇంకా పదకొండేళ్లు బతికాడు.

కిందికి వచ్చాక పిన్ని, "దొరికిందా?" అంది. రేపు చెబుతానన్నాను. మర్నాడు హాల్లో పీటలు వేశారు. కొత్తగా వస్తున్న కుర్ర శాస్త్రి గారు. మెడలో తువ్వాలుతో రాజా, ముందు పళ్లెం, దర్భలు, నువ్వులు. తాతయ్య పేరు అయింది. బయటికి తెచ్చిపెట్టిన జర్మనీ బావ ఫోటో చూసి శాస్త్రి గారు కాస్త తటపటాయించి, "వీరు ఎప్పుడు కాలం చేశారండీ?" అన్నారు. పిన్ని నావైపు చూసింది. "అది మా అమ్మాయికే తెలుసండీ. ఇన్నాళ్లకి ఫోన్లో పట్టుకుంది." రాజా దోసిలి పట్టుకునే ఉన్నాడు. ఏదో ఒక తారీకు చెప్పొచ్చు. ఈసారి కూడా ఎవరూ అడగరు.

"మా తాతయ్య పోయాక పదకొండేళ్లకండీ," అన్నాను. "నేను చెప్పిన రోజున పోలేదు. పేపర్లో ఏమీ లేదు. నేను అబద్ధం చెప్పాను."

 శాస్త్రి గారు పాపం ఇబ్బందిపడి, "అయితే అన్నేళ్లూ బతికున్నవారికి వదిలారా? మరి ఆ నీళ్లు..." అని ఆగిపోయారు. పిన్ని పళ్లెం వైపే చూస్తూ, "దాహంతో ఉన్నవాళ్లు లోకంలో తక్కువేంటండీ. ఎవరో తాగుంటారు. మీరు కానివ్వండి," అంది. శాస్త్రి గారు ఫోటో కింది అసలు పేరు రాసుకుందామని జేబులోంచి కలం తీశారు. "వద్దండీ," అంది పిన్ని. "జర్మనీ బావ, కాశ్యప గోత్రం అనే చెప్పండి. వేరే పేరు చెబితే వేరేవాళ్లకి పోతాయి." రాజా నీళ్లు వదిలాడు.

భోజనాల దగ్గర మేమిద్దరమే మిగిలాం. పిన్ని నాకు గారె వేసి, వేసిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా అడిగింది.

"ఎందుకు చెప్పావే అలాగ?"

"మంగినపూడి వెళ్దామని."

"వెళ్లావా మరి?"

"ఎక్కడ? మైల గదా."

పిన్ని నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత పైట చెంగుతో మొహం తుడుచుకుని, "నాన్న కథలు మానేసింది అందుకా?" అంది. అవునన్నాను. తిట్టమని ఎదురుచూశాను. నిజంగా తిట్టాలనే ఉంది నాకు.

"మంగినపూడి బండి కట్టింది ఆదివారం గదా. ఆ ముందు గురువారం నా స్నేహితురాళ్లు వచ్చారు," అంది పిన్ని, చాలా నెమ్మదిగా. "నాన్న బెత్తం తీసుకుని గోడ దగ్గర మొదలుపెట్టాడు. వాళ్లు మొహాలు చూసుకుని నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు వెళ్లాక నాన్నతో అన్నాను. ఇంక చాల్లే నాన్నా, నలుగుర్లో సిగ్గేస్తోంది, ఇంక మానెయ్ అన్నాను.  బెత్తం తీసుకెళ్లి అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు గదా. నా మాటకే మానేశాడనుకున్నాను. పెళ్లయి వచ్చేస్తూ కాళ్లకి దణ్ణం పెట్టినప్పుడు కూడా అడుగుదామనుకుని నోరు రాలేదు. ఇన్నేళ్లూ ఆయన పేరున విస్తరి సర్దినప్పుడల్లా ఆ మాటే." ఆవిడ నా మొహంలోకి చూసింది. డెబ్బై ఏడేళ్ల మనిషి, పరీక్ష ఫలితం అడుగుతున్న పిల్లలా చూసింది. "అయితే నా వల్ల కాదంటావా?"

అటక మీదికి వెళ్లిన బెత్తం సంగతి నాకు తెలియదు. తాతయ్య ఎవరి వల్ల మానేశాడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అయినా ఒక్క క్షణం కూడా ఆగకుండా, "నీ వల్ల కాదు పిన్నీ, నా వల్లే," అన్నాను. పిన్ని గట్టిగా ఊపిరి వదిలి, పెరుగు గిన్నె దగ్గరకు లాక్కుని, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. నేను చెప్పాల్సిన మనిషి తాతయ్య అనుకుని, ఆయన లేడు గదా ఇంకెవరికి చెప్పాలి అని అరవై ఏళ్లు నోరు మూసుకున్నాను. ఆ చెప్పాల్సిన మనిషి ఆ రోజుల్లో బందరు ఇంట్లో నా పక్క గదిలోనే పడుకునేది.